‘సిస్టం స్లో’ అంటే జవాబు కాదు. ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది?

పోస్టు జర పెద్దగా ఉంటుంది. శుక్రవారం బట్టలు ఉతుక్కున్నాక తీరిగ్గా చదవండి.

గల్ఫ్‌కి వచ్చిన కొత్తలో మనందరం నేర్చుకునే అరబ్బీ మాట ‘బుక్రా’. రేపు అని అర్థం. ఆ రేపు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. ఇప్పుడు ఆ మాటకు ఒక చెల్లెలు పుట్టింది: ‘సిస్టం స్లో ఉంది’. పంచ్ పడలేదేంది అంటే సిస్టం స్లో. గంటలు తక్కువ వచ్చినయేంది అంటే సిస్టం స్లో. లీవు కాగితం ఎక్కడిదాకా వచ్చింది సార్ అంటే, అదీ సిస్టం స్లో.

మేం చెప్పేది ఒక్కటే. అది జవాబు కాదు. ‘ఒంట్లో బాగలేదు’ అన్నంత మాట అది. జ్వరం ఎంత, ఏ టైంకి వస్తుంది, దేనివల్ల వస్తుంది అని చూస్తేనే మందు ఇయ్యగలరు. కంప్యూటర్ ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది అనేది కూడా అట్లనే కొలవొచ్చు. కొలిచే సామాను కంప్యూటర్‌లోనే ఉంటుంది. కొలవకుండా ఆ ఆలస్యాన్ని తీసుకొచ్చి కూలి మనిషి గంటల్లో కోస్తే మాత్రం ఒప్పుకోవద్దు.

మేం పదో తరగతి చదివి సైట్ మీద పని చేయించేవాళ్లం. మీకు ఈ కంప్యూటర్ల సంగతి ఎందుకు అంటారేమో. మా బిల్డింగులో డ్యూటీ అయినాక సర్వర్ల పని నేర్చుకుంటున్న పిల్లలున్నారు. ఆఫీసుల్లో హెల్ప్‌డెస్క్ నైట్ డ్యూటీ చేసే వాళ్లున్నారు. వాళ్లను కూర్చోబెట్టి, చాయ్ తాగించి, మళ్లీ మళ్లీ అడిగి, సైట్ భాషలోకి మార్చుకున్నదే ఇదంతా.

సర్వర్ అంటే ఒక క్యాంపు బిల్డింగు

మనం గేటు దగ్గర వేలు పెడితే ఆ లెక్క సర్వర్‌కు పోతుంది. సర్వర్ అంటే మన లెక్క కోసమే ఒక కంప్యూటర్ పెట్టి ఉంటారని అనుకుంటాం. అట్ల ఉండేది తక్కువ. ఒకటే పెద్ద మెషిన్ తెచ్చి, దాన్ని లోపల సాఫ్ట్‌వేర్‌తో గదులు గదులుగా విడగొడతారు. ఒక గదిలో హాజరు, ఒక గదిలో జీతాల లెక్క, ఒక గదిలో డ్రాయింగులు, ఒక గదిలో స్టోరు లెక్క. ఒక్కో గదిని వర్చువల్ మెషిన్ అంటారు. ప్రతి గదీ ఈ మెషిన్ మొత్తం నాదే అనుకుంటుంది. ఇది కొత్త కథ కాదు. ఐబీఎం కంపెనీ 1972లోనే పెద్ద పెద్ద మెషిన్ల మీద ఈ పద్ధతి తెచ్చింది. 1998లో మొదలైన వీఎంవేర్ లాంటి కంపెనీలు దాన్ని మామూలు సర్వర్ల దాకా తెచ్చాయి.

పద్ధతి మంచిదే. ఒక్కో మనిషికి ఒక్కో ఇల్లు కడితే ఎవరి వల్ల అవుతుంది? కానీ మన బిల్డింగులో గదులు వేరైనా పైన ట్యాంకు ఒకటే. పై అంతస్తులో అందరూ ఒకేసారి స్నానానికి పోతే కింద మన నల్లాలో సన్నగా వస్తుంది. మన నల్లా చెడిపోలేదు, మనం నీళ్లు ఎక్కువ వాడలేదు. అయినా నిలబడాల్సింది మనమే. సర్వర్‌లో ఆ ట్యాంకు పేరు డిస్క్. అన్ని గదుల లెక్కలూ రాసేది, తీసేది అక్కడే.

డిస్క్ దగ్గర ఆలస్యం అంటే ఏంది

డిస్క్‌ను స్టోర్ కీపర్ అనుకోండి. చిట్టీ ఇచ్చినప్పటి నుంచి సామాను చేతికి వచ్చేదాకా పట్టే టైమే ఆలస్యం. ఇంగ్లీషులో లేటెన్సీ అంటారు. దాన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు. సెకనులో వెయ్యో వంతు.

పాత రకం హార్డ్ డిస్క్ లోపల పళ్లెం తిరుగుతుంది. మామూలుగా నిమిషానికి 7200 చుట్లు. అంటే సెకనుకు 120. ఒక చుట్టుకు 8 మిల్లీసెకన్ల పైన. కావాల్సిన చోటు ముల్లు కిందికి రావడానికి సగటున సగం చుట్టు ఆగాలి, 4 మిల్లీసెకన్లు. ముల్లు ఆ వరుస దాకా జరగడానికి ఇంకో 8 దాకా. మొత్తం 12 అనుకోండి. అంటే ఒక డిస్క్ సెకనుకు 80 చిట్టీల దగ్గర ఆగిపోతుంది. ఎంత అరిచినా అంతకంటే ఎక్కువ చేయలేదు. కొత్త రకం ఎస్ఎస్‌డీలో తిరిగేది ఏదీ లేదు. పని లేని టైంలో ఒక చిట్టీకి ఒక మిల్లీసెకను కూడా పట్టదు.

ఇక్కడ ఒక మాయ ఉంది. డిస్క్ ఎట్లుంది అని అడిగితే ‘ఇంకా సగం ఖాళీ ఉంది’ అంటారు. స్టోరులో జాగా ఉందా అని ఎవరు అడిగారు? చిట్టీ ఇస్తే ఎంతసేపటికి ఇస్తున్నావు అన్నది ప్రశ్న. ఇంకొకరు ‘సెకనుకు ఇన్ని వందల ఎంబీలు లాగుతుంది’ అంటారు. అది హాయిస్ట్ ఎన్ని సిమెంట్ బస్తాలు మోస్తుందన్న లెక్క. పన్నెండో అంతస్తులో ఒక్క బోల్టు కోసం పని ఆగిన ఫిట్టర్‌కి బస్తాల లెక్కతో పని లేదు. ఆ బోల్టు ఎప్పుడొస్తది అన్నదే లెక్క. హాజరు పంచ్ కూడా బోల్టు లాంటిదే. చిన్నది. కానీ దాని వెనక మనుషులు నిలబడి ఉంటారు.

‘ఇంకా పది శాతం ఖాళీ ఉంది’ అన్న మాట

ఇంకో జవాబు వస్తుంది: ‘డిస్క్ 90 శాతమే బిజీ, ఇంకా పది శాతం ఖాళీ’. హాయిస్ట్ దగ్గర నిలబడిన వాళ్లెవరూ ఈ మాట నమ్మరు. హాయిస్ట్ సగం టైం ఖాళీగా ఉంటే మనం పోగానే ఎక్కుతాం. పొద్దంతా తిరుగుతూనే ఉంటే కింద క్యూ మెట్ల దాకా పోతుంది.

దీనికి పాత లెక్కే ఉంది. డెన్మార్క్‌లో కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే లెక్కల మనిషి 1909లోనే ఫోన్ కాల్స్ రద్దీ మీద లెక్క రాశాడు. ఆయన దారిలో వచ్చిన సులువైన లెక్క ఇట్ల ఉంటుంది. మనుషులు ఒక వరుస లేకుండా వస్తూ, పని చేసేవాడు ఒక్కడే ఉంటే, వాడు సగం టైం పనిలో ఉన్నప్పుడు మనకు పట్టేది మామూలు టైంకి రెండింతలు. 80 శాతం పనిలో ఉంటే ఐదింతలు. 90 శాతం అయితే పదింతలు. 80 నుంచి 90కి పెరిగింది పదే, కానీ నిలబడే టైం రెట్టింపు అయింది. అందుకే ‘నిన్న బాగానే ఉంది, ఇవాళ రెండు గదులే ఎక్కువ పెట్టినం, ఇంత స్లో ఎందుకైంది’ అని ఆశ్చర్యపోతారు. బరువు కొంచెమే పెరుగుతుంది, క్యూ మాత్రం విరుచుకుపడుతుంది.

సగటు చెప్పే అబద్ధం

ఒక సైట్ సంగతి చెప్తాం. కంపెనీ పేరు అనవసరం. ఎండాకాలం డ్యూటీ పొద్దున 5కి. బస్సులు 4:45కి గేటు దగ్గర దింపేవి. ఒక మెషిన్‌కు 200 మంది. వేలు పెడితే మెషిన్ ఆలోచించి ఆలోచించి ఆరు సెకన్లకు పచ్చ లైటు వేసేది. 200 మందికి ఆరు సెకన్లు అంటే 1200 సెకన్లు, 20 నిమిషాలు. 150 మంది అయ్యేసరికే 5 అయిపోయేది. వెనకున్న 50 మందికి లేటు, అరగంట కట్.

ఆఫీసులో అడిగితే ఒక కాగితం చూపించారు. డిస్క్ ఆలస్యం, రోజు సగటు 12 మిల్లీసెకన్లు. అంతా పచ్చగానే ఉంది, మీవాళ్లే మెల్లగా పెడుతున్నరు, వేళ్లు తుడుచుకొని పెట్టుమనండి అన్నారు.

ఆ ఆఫీసులోనే నైట్ డ్యూటీ చేసే మన కోనసీమ తమ్ముడు ఒకడు రోజు లెక్క తీసి పక్కన పెట్టి, నిమిషం నిమిషం లెక్క తీశాడు. రోజంతా 4 మిల్లీసెకన్లే. పొద్దున 4:30 నుంచి 5:10 దాకా 300. రోజుకు 1440 నిమిషాలు. అందులో 40 నిమిషాలు 300, మిగిలిన 1400 నిమిషాలు 4. కలిపి భాగిస్తే 12. కాగితం మీద అంకె తప్పు కాదు. కానీ ఆ 12 అనేది ఆ రోజు ఏ మనిషికీ జరగని సంగతి. మెస్ దగ్గర 24 గంటల సగటు తీస్తే క్యూలో ముగ్గురే తేలుతారు. రాత్రి ఏడింటికి గిన్నె పట్టుకొని నిలబడ్డవాడికి తెలుసు ఎందరున్నరో.

ఒక పంచ్‌కు ఒకసారి డిస్క్ దగ్గరికి పోతే సరిపోదు. మనిషి ఎవరు, ఏ షిఫ్టు, నిన్న ఏం రాశాం, ఇవాళ ఏం రాయాలి, ఇట్ల ఒకదాని తర్వాత ఒకటి ఇరవై సార్లు పోయేదట. 4 మిల్లీసెకన్ల చొప్పున ఇరవై సార్లు అంటే సెకనులో పదో వంతు కూడా కాదు, ఎవరికీ తెలియదు. 300 చొప్పున ఇరవై సార్లు అంటే ఆరు సెకన్లు. మన 50 మంది గంటలు పోయింది అక్కడ.

కారణం ఏందని చూస్తే రెండు దొరికినయి. ఒకటి, తెల్లవారుజామున 3:30కి మొదలయ్యే బ్యాకప్. అన్ని గదుల సామానూ ఇంకో చోటికి కాపీ చేసే పని. కంపెనీ పెరిగిన కొద్దీ అది 5 దాటేదాకా సాగుతోంది. రెండోది, ఎవరో అప్‌డేట్ చేసేటప్పుడు తీసి మర్చిపోయిన స్నాప్‌షాట్. అంటే పాత డ్రాయింగ్ అట్లనే ఉంచి, మార్పులన్నీ వేరే కాగితం మీద రాస్తూ పోవడం. రెండు రోజులకైతే పర్వాలేదు. నెలలు అయితే ఒక్క కొలత కోసం రెండు కట్టలూ తిరగెయ్యాలి. బ్యాకప్‌ను రాత్రి 11కి మార్చారు, స్నాప్‌షాట్‌ను కలిపేశారు. కొత్త డిస్క్ కొనలేదు. పచ్చ లైటు వెంటనే పడటం మొదలైంది.

దాని ఖరీదు ఎంత

1200 రియాళ్ల బేసిక్, నెలకు 30 రోజులు, రోజుకు 8 గంటలు అనుకుంటే గంటకు 5 రియాళ్లు. రోజుకు అరగంట కట్ అంటే రెండున్నర రియాళ్లు. 26 రోజుల్లో 65. ఊర్లో పిల్లాడి బడి ఆటో కిరాయి. 50 మందికి నెలకు 3250 రియాళ్లు. దొంగ ఎవరూ లేడు, ఎవరి జేబులోకీ చెయ్యి పోలేదు. బ్యాకప్ టైం చూడకపోవడం వల్ల పోయిన డబ్బు ఇది.

ఖతార్‌లో 2015 నుంచి జీతం బ్యాంకు ద్వారానే రావాలి, వేజ్ ప్రొటెక్షన్ సిస్టం అంటాం గదా. 2021 మార్చి నుంచి కనీస బేసిక్ 1000 రియాళ్లు. 2004 కార్మిక చట్టం ప్రకారం వారానికి 48 గంటల పైన పని చేయిస్తే కనీసం 25 శాతం కలిపి ఇవ్వాలి. ఇవన్నీ మంచి చట్టాలు. కానీ ఇవన్నీ నిలబడేది గంటల లెక్క మీద. గంటలు తప్పు రాస్తే ఆ తప్పు జీతం కూడా టైంకి, బ్యాంకులో, పద్ధతిగానే పడుతుంది. అందుకే గంటలు రాసే మెషిన్ ఆరోగ్యం ఐటీ వాళ్ల సంగతి మాత్రమే కాదు, మన సంగతి కూడా.

కంప్యూటర్ పని చేసే తమ్ముళ్లకు

మీలో సర్వర్ పని నేర్చుకుంటున్నవాళ్లు మూడు చోట్ల చూడండి.

ఒకటి, గది లోపల. విండోస్ అయితే పెర్ఫార్మెన్స్ మానిటర్‌లో డిస్క్ రీడ్‌కు, రైట్‌కు సగటున ఎన్ని సెకన్లు పడుతుందో చూపే రెండు కౌంటర్లుంటాయి. అవి సెకన్లలో ఉంటాయి, 0.020 అంటే 20 మిల్లీసెకన్లు. లైనక్స్ అయితే ఐఓస్టాట్ కమాండ్‌లో ‘అవెయిట్’ అనే వరుస.

రెండు, గది బయట. గది లోపల కూర్చున్నవాడికి తన నల్లాయే కనిపిస్తుంది, ట్యాంకు కనిపించదు. వీఎంవేర్ మెషిన్ మీద ఈఎస్ఎక్స్‌టాప్ అనేది తెరిస్తే మూడు అంకెలుంటాయి. డీఏవీజీ అంటే స్టోరు దగ్గర పట్టిన టైం. కేఏవీజీ అంటే చిట్టీ స్టోరుకు పోకముందే మన సైట్ ఆఫీసు బల్ల మీద ఆగిన టైం. జీఏవీజీ రెండూ కలిపింది, గదికి తగిలేది అదే. మొదటిది పెరిగితే డిస్క్ పెట్టె దగ్గరనో, దాకా పోయే దారిలోనో చూడాలి. రెండోది సున్నా దగ్గర ఉండాలి, పెరిగితే ఆ సర్వర్‌లోనే చిట్టీలు గుట్ట పడుతున్నట్టు. మొత్తం 20 మిల్లీసెకన్ల పైన చాలాసేపు నిలబడితే లేచి చూడాల్సిందే. ఎస్ఎస్‌డీలు ఉన్న చోట అంతదాకా ఆగొద్దు, 5 దాటినా ఎందుకని అడగాలి.

మూడు, టైం. రోజు సగటు వద్దు. నిమిషం లెక్క పెట్టండి. షిఫ్టు మారే టైం, జీతాలు చేసే రోజు విడిగా చూడండి. వందలో 95 చిట్టీలు ఎంతలోపు తెమిలాయి, మిగిలిన ఐదు ఎంత ఆగాయి అని చూడండి. ఆ ఐదుగురే మన వెనక వరుస మనుషులు.

ఈ తమ్ముళ్లను తిట్టాలని మేం రాయట్లేదు. వాళ్లూ మనలాగే వీసా మీద వచ్చినవాళ్లు. ఒక్కడి నెత్తిన పది సర్వర్లు, ఇరవై ఫోన్లు. ముదీర్‌కి పచ్చ చుక్క చూపిస్తే చాలు, లోపల ఏముందో ఆయన అడగడు. అందుకే అడిగేది పైవాళ్లు కావాలి. మంచి ఇంజనీరు స్లాబ్ పోసే ముందు కాంక్రీటు స్లంప్ కొలుస్తాడు. ‘చూడటానికి బాగానే ఉంది’ అంటే ఊరుకోడు. గంటలు రాసే మెషిన్‌కు మాత్రం చూపు చాలా?

ఇది ఇక్కడితో ఆగే సంగతి కాదు. మైక్రోసాఫ్ట్ 2022లో, గూగుల్ 2023లో ఖతార్‌లో క్లౌడ్ సెంటర్లు తెరిచాయి. హైదరాబాద్‌లో అమెజాన్ 2022లో తెరిచింది. విశాఖలో పెద్ద డేటా సెంటర్ పెడతామని 2025 అక్టోబర్‌లో గూగుల్ ప్రకటించింది. ఇట్లాంటి వాటి గోడలు కట్టేది, కేబుల్ లాగేది, చిల్లర్లు బిగించేది మనలాంటివాళ్లే. రేపు మన హాజరు కూడా అట్లాంటి చోట అద్దె గదుల్లోకి పోతుంది. ట్యాంకు ఇంకా దూరం అవుతుంది. అప్పుడు ‘సిస్టం స్లో’ అన్న మాటకు జవాబుదారీ ఎవరో దొరకడం ఇంకా కష్టం. అడగడం ఇప్పుడే నేర్చుకోవాలి.

మనం చేయాల్సింది

మెషిన్ ఆగిన రోజు తేదీ, టైం, మెషిన్ నంబరు, బస్సు ఎన్నింటికి దిగింది, చిన్న పుస్తకంలో రాసుకోండి. ‘రోజూ స్లో సార్’ అంటే ఎవరూ వినరు. ‘ఆదివారం 4:50కి, రెండో నంబరు మెషిన్, ఒక్కొక్కరికి ఆరు సెకన్లు’ అంటే వినక తప్పదు.

ఫోర్‌మెన్లు, ఛార్జిహ్యాండ్లు, మనమంతా ఆ రోజు కాగితం మస్టర్ తీసి సంతకాలు పెట్టించాలి. పైన చెప్పిన సైట్‌లో కాగితం ఉన్న గ్యాంగులకు పోయిన గంటలు తిరిగి వచ్చాయి. కాగితం లేని గ్యాంగులకు రాలేదు. పని ఒకటే, ఎండ ఒకటే, తేడా ఒక్క కాగితమే.

టైం కీపర్‌ను, హెచ్ఆర్‌ను మర్యాదగా ఒకటి అడగండి: బస్సు గేటు దగ్గర ఆగిన టైం లెక్క అవుతుందా, మెషిన్ పచ్చ లైటు వేసిన టైం లెక్క అవుతుందా? కంపెనీ తెచ్చిన బస్సు, కంపెనీ పెట్టిన మెషిన్. మధ్యలో ఆగిన 20 నిమిషాలు మనవెట్ల అవుతాయి?

అప్పటికీ తెగకపోతే లేబర్ మినిస్ట్రీకి పోయే దారి ఉంది. 2017 చట్టంతో వచ్చిన వివాదాల కమిటీలు మొదటి విచారణ నుంచి మూడు వారాల్లో తేల్చాలి. అక్కడ కూడా నోటి మాట కంటే మీ పుస్తకమే ఎక్కువ మాట్లాడుతుంది.

ఆలస్యం ఎక్కడైనా జరుగుతుంది. ట్యాంకు ఒకటే అయినప్పుడు క్యూ తప్పదు, అది మనకు తెలియంది కాదు. కానీ క్యూ ఎంత ఉందో కొలవాలి, కొలిచింది రాయాలి, రాసింది నలుగురికీ చూపించాలి. దాని ఖరీదు వెనక నిలబడ్డవాడి మీద వేయొద్దు. మీ సైట్‌లో ఎట్లుందో కింద రాయండి. కంపెనీ పేర్లు వద్దు. టైము, సెకన్లు మాత్రం తప్పకుండా రాయండి.